డెలీట్ నొక్కితే లైన్లో ~ వచ్చి కూర్చుంటోంది (అసెంబ్లీ, సీరియల్ టెర్మినల్)

రాత్రిపూట_రిజిస్టర్ అడిగారు:

అందరికీ నమస్తే. మూడు రాత్రులుగా ఒకే చోట గింగిరాలు తిరుగుతున్నాను. ఇక లాభం లేదని మీ ముందు పెడుతున్నా.

ఏటీమెగా328పీ అనే మైక్రోకంట్రోలర్ చిప్పు మీద చిన్న లైన్ ఎడిటర్ రాస్తున్నాను, మొత్తం అసెంబ్లీలోనే. సీలో రాసుకోవచ్చుగా అని దయచేసి అనకండి, సీ లేకుండా రాయాలన్నదే సరదా. 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, 9600 బాడ్, 8 బిట్లు, పారిటీ లేదు, ఒక స్టాప్ బిట్. అటుపక్క లినక్స్ పీసీ, ఎక్స్‌టర్మ్ టెర్మినల్ కిటికీలో పికోకామ్ అనే సీరియల్ ప్రోగ్రామ్.

నా అలవాట్లు డాస్ కాలం నాటివి. అప్పట్లో కీబోర్డు చదివే 16 హెక్స్ ఇంటరప్ట్ పిలిస్తే ఏహెచ్‌లో స్కాన్‌కోడ్ దొరికేది, పై బాణానికి 72. ఇక్కడ కూడా ముందు సున్నా, దాని వెనక 72 వస్తాయనుకుని రాసేశాను. అలాంటిదేమీ రాలేదు. వచ్చిన ప్రతి బైటునీ అంకెగా అచ్చు వేయించి చూస్తే పై బాణానికి 27 91 65 కనబడ్డాయి. ఓహో అనుకుని, 27 వస్తే ఇంకో రెండు బైట్ల కోసం ఆగి, మూడోదాన్ని 65, 66, 67, 68తో పోల్చేలా మార్చాను. పైకి, కిందికి, కుడికి, ఎడమకి నాలుగూ అదిరిపోయాయి. ఆ రాత్రి హాయిగా పడుకున్నా.

తెల్లారి చూస్తే:

డెలీట్ నొక్కితే ఏదీ చెరగదు, పైగా లైన్లో ~ చేరుతుంది. ఎఫ్5 నొక్కితే 5~ చేరుతుంది. కంట్రోల్ పట్టుకుని కుడి బాణం నొక్కితే ;5సీ. ఎస్కేప్ ఒక్కటే నొక్కానో, చిప్పు బిగుసుకుపోయి తర్వాతి రెండు అక్షరాలు మింగితే గానీ లేవదు.

ఇంకో చిన్న సందేహం. షిఫ్ట్ ఒక్కటే నొక్కి పట్టుకుంటే ఆ సంగతి చిప్పుకి తెలిసే దారి ఉందా? ఎంత నొక్కినా ఒక్క బైటూ రావడం లేదు.

తొందరపాటు_లూప్:

దీనికి మూడు రాత్రులెందుకు బ్రో. 27 రాగానే ఒక 10 మిల్లీసెకన్ల డిలే పెట్టు, ఆ తర్వాత వచ్చినవన్నీ చదివి పారేయి. చెత్త పోతుంది. నేను అలాగే చేస్తా.

పాత_టెర్మినల్:

పైన చెప్పింది చేయకండి. చెత్తతో పాటు డెలీట్ కూడా పోతుంది, ఆ పది మిల్లీసెకన్లలో వచ్చిన మామూలు అక్షరాలూ పోతాయి. పైగా ఈ చిప్పు యూఆర్ట్‌లో, అంటే సీరియల్ బైట్లు పంపి తీసుకునే భాగంలో, నిలవ ఉండేది రెండు బైట్లే, మీరు డిలేలో నిద్రపోతుంటే అది ఎదురుచూడదు.

మీ లక్షణాలు చదవగానే రోగం తెలిసిపోయింది. మీ కోడు బైట్లు లెక్కపెడుతోందే తప్ప సీక్వెన్స్ ఎక్కడ ముగిసిందో చూడటం లేదు. డెలీట్ నాలుగు బైట్లు: 27 91 51 126. మీరు మూడు మింగి, 51 ఏదో తెలియదని వదిలేశారు. మిగిలిన 126 అంటే ~, మామూలు అక్షరంలా లైన్లో పడింది. ఎఫ్5 ఐదు బైట్లు: 27 91 49 53 126. మూడు పోగా 5~. కంట్రోల్ కుడి బాణం ఆరు: 27 91 49 59 53 67. మూడు పోగా ;5సీ. లైన్లో పడ్డ ఆ చెత్తని వెనక నుంచి చదివితే చాలు, పొరపాటు దొరుకుతుంది.

ముందు షిఫ్ట్ సంగతి చెప్పేస్తా. డాస్‌లో మీరు కీబోర్డుతో మాట్లాడారు. ఇక్కడ మాట్లాడుతున్నది టెర్మినల్ ప్రోగ్రాముతో. తీగ మీద కీలు ఉండవు, బైట్లే ఉంటాయి. షిఫ్ట్ ఒక్కటే నొక్కితే టెర్మినల్ ఏమీ పంపదు, కీ వదిలినప్పుడూ పంపదు. ట్యాబ్ నొక్కినా కంట్రోల్ ఐ నొక్కినా 9. ఎంటర్ అయినా కంట్రోల్ ఎం అయినా 13. కంట్రోల్ పట్టుకుని [ నొక్కితే సాక్షాత్తూ ఎస్కేప్, 27. వీటిని వేరు చేయాలని ఒకాయన నా ఎదురుగానే రెండు రోజులు కూర్చున్నాడు. ఆ తేడా పీసీలోనే చచ్చిపోయింది, చిప్పు దాకా రాలేదు.

ఇక అసలు విషయం. 27 91తో మొదలయ్యే సీక్వెన్సులకి వ్యాకరణం ఉంది, అదీ చాలా చిన్నది. 48 నుంచి 63 దాకా ఉన్న బైట్లు పారామీటర్లు, అంటే అంకెలు, సెమికోలన్, ప్రశ్నార్థకం లాంటివి. 32 నుంచి 47 దాకా మధ్యలో అరుదుగా వచ్చేవి. 64 నుంచి 126 దాకా ఏది వచ్చినా అదే ఆఖరి బైటు, అక్కడితో సీక్వెన్స్ ముగిసింది. అంతే. కీ మీకు తెలియకపోయినా ఎక్కడ ముగుస్తుందో తెలుస్తుంది కాబట్టి నిశ్శబ్దంగా మింగేయొచ్చు. నేను మొదట్లో ఇది తెలియక పొడవుల పట్టిక పెట్టుకున్నాను, ఎఫ్5కి ఐదు, డెలీట్‌కి నాలుగు అంటూ. కొత్త టెర్మినల్ చేతికొచ్చిన ప్రతిసారీ పట్టికకి ఇంకో వరస. చివరికి ఆ పట్టిక అసలు ఎడిటర్ కంటే పెద్దదైంది.

కాబట్టి ఆగి చదవడం మానేయండి. ఒక రిజిస్టర్, ఆర్20 అనుకుందాం, స్టేట్ కోసం కేటాయించండి. ఒక్కో బైటు రాగానే రొటీన్‌ని పిలవండి, అది స్టేట్ చూసి పని చేసి వెంటనే తిరిగి వచ్చేయాలి. స్టేట్ 0లో 27 వస్తే 1కి వెళ్ళాలి. 1లో 91 వస్తే 2కి, 79 వస్తే 3కి. 2లో అంకె వస్తే పారామీటర్‌ని పదితో గుణించి ఈ అంకె కలపాలి, సెమికోలన్ వస్తే దాన్ని పక్కన దాచి రెండోది మొదలుపెట్టాలి, 64 గానీ ఆ పైన గానీ వస్తే కీ తేల్చి 0కి రావాలి. 3లో ఒక్క బైటు తీసుకుని 0కి. ఏ స్టేట్‌లో ఉన్నా 27 వస్తే పాతది మరిచిపోయి 1కి. ఈ ఆఖరి నియమం చిన్నదిగా కనబడుతుంది గానీ, ఒక బైటు దారిలో పోయినప్పుడు మిమ్మల్ని మళ్ళీ గట్టెక్కించేది అదే.

79 ఎందుకంటే ఎక్స్‌టర్మ్‌లో ఎఫ్1 నుంచి ఎఫ్4 దాకా 27 79 80 నుంచి 27 79 83 వరకు వస్తాయి. బాణాలు కూడా ఒక్కోసారి 91 బదులు 79తో వస్తాయి, టెర్మినల్ అప్లికేషన్ మోడ్‌లో ఉంటే. ముందు నడిచిన ప్రోగ్రామ్ ఆ మోడ్ తీసేయకుండా పోయి ఉండొచ్చు. మీ కోడు మొదలవగానే 27 91 63 49 108 పంపితే మామూలు మోడ్‌కి వస్తుంది. అయినా రెండూ అర్థం చేసుకునేలా రాయండి, పోయేదేముంది.

ఆఖరి బైటు 126 అయితే పారామీటరే కీ పేరు. 2 ఇన్సర్ట్, 3 డెలీట్, 5 పేజ్ అప్, 6 పేజ్ డౌన్. హోమ్‌కి 1, ఎండ్‌కి 4 అని కొన్ని టెర్మినళ్ళు పంపుతాయి, పుట్టీ అనే టెర్మినల్ ప్రోగ్రామ్ మామూలు సెట్టింగ్‌లో ఇంతే. మీ ఎక్స్‌టర్మ్ మాత్రం హోమ్‌కి 27 91 72, ఎండ్‌కి 27 91 70 పంపుతుంది. ఆర్ఎక్స్‌వీటీ అనే టెర్మినల్ అయితే 7, 8 అంటుంది. ఈ 1 నుంచి 6 ఎక్కడివంటారా? 1983లో వచ్చిన వీటీ220 టెర్మినల్ కీబోర్డు మీద ఆరు కీల చిన్న గుంపు ఒకటి ఉండేది. దాని వరసే ఇది. ఎఫ్5 15, ఎఫ్6 మాత్రం 17. ఎఫ్10 21, ఎఫ్11 23. ఆ కీబోర్డు మీద ఫంక్షన్ కీల గుంపుల మధ్య ఖాళీ ఉన్న చోటే అంకెల్లోనూ ఖాళీ ఉంది. తెలియక 16ని ఎఫ్6 అనుకుని పట్టిక నింపితే అక్కడి నుంచి ప్రతి కీ ఒకటి జరుగుతుంది.

రెండో పారామీటర్ షిఫ్ట్, ఆల్ట్, కంట్రోల్ సంగతి చెబుతుంది. అందులోంచి ఒకటి తీసేస్తే బిట్లు మిగులుతాయి: 1 షిఫ్ట్, 2 ఆల్ట్, 4 కంట్రోల్. మీకు వచ్చిన 5లోంచి ఒకటి తీస్తే 4, అంటే కంట్రోల్. షిఫ్ట్ ఒక్కదాన్నే పట్టుకోలేరు గానీ, షిఫ్ట్ పట్టుకుని నొక్కిన బాణాన్ని ఇలా పట్టుకోవచ్చు.

ఎస్కేప్ ఒక్కటే నొక్కినప్పటి సమస్యకి మాత్రం గడియారం తప్ప మందు లేదు. 27 తర్వాత ఏదైనా వస్తుందా రాదా అన్నది ఆ బైటు చూసి చెప్పలేం. 9600 దగ్గర స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి బైటుకి పది బిట్లు, అంటే 1.04 మిల్లీసెకను. నేరుగా కేబుల్ అయితే 27 వెనకే మిగతావి వరసగా వచ్చేస్తాయి. మధ్యలో నెట్‌వర్క్ ఉంటే ముక్కలై రావచ్చు. నేను 50 మిల్లీసెకన్ల చుట్టుపక్కల పెడతాను, చేతికి ఆలస్యం తెలియదు. మీ చిప్పులో టైమర్0ని 1024 ప్రీస్కేలర్‌తో నడిపితే 16.384 మిల్లీసెకన్లకోసారి ఓవర్‌ఫ్లో అవుతుంది. 27 తీసుకున్నప్పుడు ఒక కౌంటర్‌లో 4 వేయండి, ఓవర్‌ఫ్లో అయినప్పుడల్లా ఒకటి తగ్గించండి. సున్నాకి వచ్చినా స్టేట్ 1లోనే ఉంటే అది ఒంటరి ఎస్కేప్. మొదటి టిక్ వెంటనే పడొచ్చు కాబట్టి నిజానికి 49 నుంచి 65 మిల్లీసెకన్ల మధ్య ఎక్కడో తేలుతుంది, ఫర్వాలేదు.

రాత్రిపూట_రిజిస్టర్:

మాస్టారూ, దండాలు. నిన్న రాత్రి కూర్చుని స్టేట్ మెషీన్‌గా తిరగరాశాను. పోలికలు పెరిగేసరికి బీఆర్ఎన్‌ఈ (సమానం కాకపోతే దూకే ఆదేశం) అందుకోలేనంటూ అసెంబ్లర్ గొడవపెట్టింది, అది 64 పదాల దూరం లోపే దూకుతుంది కదా. పారామీటర్‌ని ఇండెక్స్‌గా వాడి ఫ్లాష్‌లో పట్టిక పెట్టి ఎల్‌పీఎమ్‌తో చదివాను, కోడు కూడా సగానికి తగ్గింది. డెలీట్, ఎఫ్5, కంట్రోల్ బాణం, ఒంటరి ఎస్కేప్ అన్నీ దారికొచ్చాయి.

కానీ కొత్త వింత. డెలీట్‌ని ఒక్కోసారి నొక్కితే బంగారం. నొక్కి పట్టుకుంటే నాలుగైదు అక్షరాలు చెరిగాక లైన్లో [3~ అని పడుతుంది, ఒక్కోసారి 3~ మాత్రమే. పట్టుకునే కొద్దీ చెరగాల్సిన లైను పెరుగుతోంది! లైను చివర్లో కర్సర్ పెట్టి పట్టుకుంటే ఏమీ కాదు. లైను మొదట్లో పెడితేనే ఈ తమాషా. స్టేట్ మెషీన్ని పది సార్లు చదివాను, తప్పు కనబడలేదు.

పాత_టెర్మినల్:

కనబడదు, తప్పు అక్కడ లేదు కాబట్టి. [3~ పడిందంటే 27 పోయింది. 3~ పడిందంటే 91 కూడా పోయింది. మీరే చెప్పారు చూడండి, లైను మొదట్లోనే ఇలా అవుతోందని. డెలీట్ అయ్యాక కర్సర్ నుంచి చివరిదాకా మళ్ళీ రాస్తున్నారు కదూ? 40 అక్షరాలు ఉంటే 40 ఇంటూ 1.04, దాదాపు 42 మిల్లీసెకన్లు. అంతసేపూ మీరు పంపే రిజిస్టర్ ఖాళీ కోసం లూప్‌లో నిలబడి ఉన్నారు, వచ్చేది చూసేవాళ్ళు లేరు. కీబోర్డు రిపీట్ సెకనుకి 30 అనుకుంటే 33 మిల్లీసెకన్లకో డెలీట్, నాలుగేసి బైట్లు. యూఆర్ట్‌లో నిలవకి రెండు, షిఫ్ట్ రిజిస్టర్‌లో ఒకటి, మొత్తం మూడు. నాలుగోదాని స్టార్ట్ బిట్ రాగానే పొంగిపోతుంది. బాణాలు మూడు బైట్లే కాబట్టి మీకు ఇన్నాళ్ళూ అనుమానం రాలేదు.

నమ్మకం కుదరకపోతే యూసీఎస్ఆర్0ఏలో డీఓఆర్0 బిట్ చూడండి, బైటు పొంగి పోయిందని చెప్పేది అదే. వచ్చిన బైటు ఉండే యూడీఆర్0 చదవకముందే చూడాలి, చదివాక చూస్తే ఆ బిట్ కథ మారిపోతుంది. అది 1 అయితే ఒక ఎల్ఈడీ వెలిగించండి.

మందు రెండు డోసులు. మొదటిది, రిసీవ్ ఇంటరప్ట్, 64 బైట్ల రింగ్ బఫర్, అంటే చివరికి వెళ్ళాక మళ్ళీ మొదటి నుంచి నింపే నిలవ. ఇండెక్స్ పెంచి ఏఎన్‌డీఐతో 63 మాస్క్ చేస్తే చుట్టు తిరుగుతుంది. రాసే ఇండెక్స్ ఇంటరప్ట్‌కి, చదివే ఇండెక్స్ మెయిన్ లూప్‌కి, ఒకరిది ఒకరు ముట్టుకోకూడదు. రెండూ ఒక్క బైటువే కాబట్టి తాళాలు అక్కర్లేదు. ఇంటరప్ట్‌లో ఎస్‌రెగ్‌ని (పోలికల ఫలితాలు ఉండే రిజిస్టర్) దాచడం మరిచిపోకండి, మరిస్తే నెలకోసారి ఏదో ఒక పోలిక తప్పుతుంది, మీరు జాతకం చూపించుకోవాల్సి వస్తుంది. యూడీఆర్0 అడ్రస్ హెక్స్‌లో సీ6, కాబట్టి ఇన్ ఆదేశం పనిచేయదు, ఎల్‌డీఎస్ వాడాలి.

రెండో డోసు లేకపోతే మొదటిది దండగ. 33 మిల్లీసెకన్లకోటి వస్తుంటే 42కి ఒకటి ఖర్చు చేస్తున్నారు. తిరగరాసేది ఇదే పొడవుతో సాగితే మీ బఫర్‌కి సెకనుకి పాతిక బైట్ల పైచిలుకు అప్పు పెరుగుతుంది, రెండున్నర సెకన్లలో 64 నిండుతుంది. 256 పెట్టినా పది సెకన్లు ఆలస్యంగా అదే గతి. తగ్గించాల్సింది పంపడాన్ని. లైను తిరగరాయకుండా 27 91 80 పంపండి. కర్సర్ కింది అక్షరం చెరిపి మిగతాదాన్ని ఎడమకి జరపడం టెర్మినలే చూసుకుంటుంది. మూడు బైట్లు, మూడు మిల్లీసెకన్లు. అసలు వీటీ100లో ఇది లేదు, వీటీ102తో వచ్చింది. మీరు ఇవాళ వాడేవాటిలో ఎక్స్‌టర్మ్‌కీ పుట్టీకీ తెలుసు. లైను తెర వెడల్పు దాటి రెండో వరసకి మడత పడితే మాత్రం పనిచేయదు, అప్పుడు తిరగరాయక తప్పదు.

అక్షరం_ఛ:

పాత_టెర్మినల్ గారు చెప్పినదానికి రెండు తోకలు తగిలిస్తా.

ఒకటి, ఆ చక్కని వ్యాకరణాన్ని పాటించని కీలు ఉన్నాయి. లినక్స్ కన్సోల్లో, అంటే ఎక్స్‌టర్మ్ లేకుండా నేరుగా తెర మీద, ఎఫ్1 నొక్కితే 27 91 91 65 వస్తుంది. వ్యాకరణం ప్రకారం రెండో 91 దగ్గరే సీక్వెన్స్ ముగిసిపోవాలి. ముగిసినట్టు లెక్కేస్తే 65 బయటపడి లైన్లో క్యాపిటల్ ఏ రాసేస్తుంది. స్టేట్ 2లోకి రాగానే వెంటనే మళ్ళీ 91 వస్తే ఇంకో బైటు తిని 0కి వెళ్ళేలా ఒక మినహాయింపు పెట్టుకోండి. పుట్టీలో ఫంక్షన్ కీల సెట్టింగ్‌ని లినక్స్ అని పెట్టినా ఇదే వస్తుంది.

రెండోది నా స్వానుభవం. ప్రత్యేక కీలకి 128 పైన సొంత కోడ్లు ఇచ్చుకున్నాను, పై బాణం 128, కింది బాణం 129 అలా. ఏడు బిట్ల ఆస్కీ కదా, ఆ పైన అంతా మనదే అని ధీమా. ఓ రోజు టెర్మినల్లో తెలుగు కొట్టి చూశాను. అక్షరాలని బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో అ అంటే 224 176 133. మూడూ 128 పైనే. అ కొడితే నా ఎడిటర్ పేజ్ డౌన్ చేసింది! ఇంకా దారుణం, పాత ఎనిమిది బిట్ల పద్ధతిలో 27 91కి బదులు 155 ఒక్కటే రావచ్చని ఎక్కడో చదివి దాన్ని కూడా పెట్టాను. ఛ అక్షరం 224 176 155. ఛ కొట్టాక తర్వాతి అక్షరాలు మాయం. నా పేరు అందుకే ఇలా పెట్టుకున్నా. ఇప్పుడు 155ని గుర్తించడం తీసేశాను. ప్రత్యేక కీ అయితే టీ ఫ్లాగ్ (ఎస్‌రెగ్‌లో మన వాడకానికి ఉన్న ఒక బిట్) సెట్ చేసి, మామూలు బైటు అయితే క్లియర్ చేసి తిరిగొస్తాను. పిలిచినచోట, టీ సెట్ అయి ఉంటే దూకే బీఆర్‌టీఎస్‌తో తేలిపోతుంది, కోడ్ల గొడవే లేదు.

తొందరపాటు_లూప్:

నా సలహా వెనక్కి తీసుకుంటున్నా 😅 నా బోర్డులో కూడా ఎండ్ కీ ఎందుకు పనిచేయదో ఇప్పుడు తెలిసింది. మాస్టారూ, బ్యాక్‌స్పేస్ ఒక పీసీలో 8, ఇంకో పీసీలో 127 వస్తోంది. ఏది నమ్మాలి?

పాత_టెర్మినల్:

రెండింటినీ. 8 వచ్చినా 127 వచ్చినా బ్యాక్‌స్పేసే. 127ని డెలీట్ అని పిలుస్తారు కదా అని దాన్ని కుడివైపు చెరపడానికి వాడకండి, కుడివైపు చెరిపే పని 27 91 51 126ది. పుట్టీలో ఇది సెట్టింగే, మామూలుగా 127 ఉంటుంది.

రాత్రిపూట_రిజిస్టర్:

ఎల్ఈడీ వెలిగింది మాస్టారూ! డెలీట్ పట్టుకున్న అర సెకనుకే. రింగ్ బఫర్ పెట్టి, 27 91 80 కూడా పెట్టాక ఇక వెలగలేదు. లైను మొదట్లో పట్టుకుంటే గడ్డి కోసినట్టు చెరుగుతోంది.

మధ్యలో ఒకటి నేనే కొని తెచ్చుకున్నా, ఇంకొకరికి పనికొస్తుందని రాస్తున్నా. మడత పడిన పెద్ద లైన్లో తిరగరాత ఉంచాను కదా, అక్కడ పై బాణం నొక్కితే అప్పుడప్పుడు ఎస్కేప్ అయిపోయి, వెనకే [ఏ లైన్లో పడేది. ఇంటరప్ట్ మీద అనుమానంతో గంట వృథా చేశాను. తీరా చూస్తే, 27 రాగానే కౌంటర్‌ని ఇంటరప్ట్‌లోనే 4 చేస్తున్నాను. తిరగరాత 80 మిల్లీసెకన్లు పట్టేసరికి, మెయిన్ లూప్ 27ని చేతిలోకి తీసుకునే వేళకే కౌంటర్ సున్నా. 91, 65 బఫర్‌లో బుద్ధిగా కూర్చునే ఉన్నాయి, నేనే గడువు అయిపోయిందని తీర్పు ఇచ్చేశాను. ఇప్పుడు 27ని బఫర్‌లోంచి తీసేటప్పుడు కౌంటర్ వేస్తున్నా, బఫర్ ఖాళీగా ఉంటేనే కౌంటర్ వైపు చూస్తున్నా.

ఛ గారూ, మీ మాట విని ఛ కొట్టి చూశాను. మాయమవలేదు గానీ ఎడమ బాణం మూడుసార్లు నొక్కితే గానీ దాటడం లేదు, బైటుకో అడుగు. దాని పని రేపు రాత్రి.